ధ్యానంలో కూర్చుంటే ఒళ్ళు ఎందుకు ఎదురు తిరుగుతుంది?

విజయవాడ, గుంటూరు ప్రాంతానికి ధ్యానం కొత్త కాదు. సీతానగరంలో కృష్ణ ఒడ్డున రామకృష్ణ మిషన్ ఉంది. ఊరూరా పిరమిడ్ ధ్యాన కేంద్రాలున్నాయి. విపశ్యన అనే బౌద్ధ ధ్యాన పద్ధతి నేర్చుకోవాలనుకునేవారు ఏలూరు దగ్గరి విజయరాయికో నాగార్జునసాగర్‌కో వెళ్ళి పది రోజులు మౌనంగా ఉండి వస్తున్నారు. అపార్ట్‌మెంటు మేడల మీద తెల్లవారకముందే ప్రాణాయామం మొదలవుతోంది. ఇంతమంది కూర్చుంటున్నా, కూర్చున్నాక ఒంట్లో కలిగే ఇబ్బందుల గురించి బాహాటంగా మాట్లాడుకోవడం మాత్రం ఇంకా అలవాటు కాలేదు.

ఇబ్బందులు లేక కాదు. కాళ్ళు మొద్దుబారతాయి. కనుబొమల మధ్య మేకు దిగినంత బిగువు వస్తుంది. ఉన్నట్టుండి ఒళ్ళు అదిరిపడుతుంది, గుండె దడదడలాడుతుంది, ఒంట్లో సెగలు పుడతాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టు ఉంటుంది. పక్కనున్న సాధకుణ్ణి అడిగితే తరచూ రెండు జవాబుల్లో ఒకటి దొరుకుతుంది. "నాడీమండల శుద్ధి జరుగుతోందండీ, లేవకండి" అనేది మొదటిది. "మీ ఒంటికి ధ్యానం పడలేదు, మానేయండి" అనేది రెండోది. మొదటి జవాబు మనిషిని నొప్పిలోనే కూర్చోబెడుతుంది, రెండోది మంచి అలవాటుకు దూరం చేస్తుంది. కారణం ఏమిటో చూడకుండానే అర్థం చెప్పేయడం ఈ రెండింటిలోనూ ఉన్న లోపం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ధ్యానంలో ఒంటికి కలిగే ఇబ్బందుల్లో చాలావాటికి మామూలు శారీరక కారణాలే ఉంటాయి. కూర్చున్న తీరు, పీల్చిన ఊపిరి, ధ్యాస నిలిపిన చోటు, ఆ రోజు తిన్న తిండి, వేసుకున్న మాత్ర, పోయిన నిద్ర. ముందు వీటిని తడిమి చూడాలి. కుండలిని గురించి, కర్మ గురించి ఆ తరువాత ఆలోచించవచ్చు. ఇలా అనడం సంప్రదాయాన్ని తక్కువ చేయడం కాదు. మన పాత గ్రంథాలు కూడా ఇదే వరసలో మాట్లాడాయని కిందికి వెళ్ళేకొద్దీ తెలుస్తుంది.

కాళ్ళు, మోకాళ్ళు, నడుము

బాసింపట్టు వేసుకుని అరగంట కూర్చుంటే కాలు తిమ్మిరెక్కడం అందరూ ఎరిగినదే. రక్తం ఆగిపోయిందని అనుకుంటాం. నిజానికి నొక్కుకుపోయేది ముఖ్యంగా నరం, దానితోపాటు ఆ నరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు. మోకాలి బయటి వైపు, కాస్త కిందుగా వేలితో తడిమితే ఒక ఎముక బుడిపె తగులుతుంది. పాదాన్ని పైకెత్తే కండరాలకు వెళ్ళే నరం అక్కడే ఎముకను చుట్టుకుని, చర్మానికి అతి దగ్గరగా పోతుంది. కాలు మడిచి కూర్చుంటే దాని మీద బరువు పడుతుంది. లేచి కాలు చాపగానే పుట్టే సూదిపోట్లు నరం మళ్ళీ పని మొదలుపెట్టిందనడానికి గుర్తు. అవి కొద్ది నిమిషాల్లో తగ్గిపోతే భయం లేదు.

తగ్గకపోతేనే పట్టించుకోవాలి. ఆ నరం గంటల తరబడి నలిగితే పాదం పైకి లేవదు, నడుస్తుంటే చెప్పు జారిపోతుంది, మునివేళ్ళు నేలకు తగులుతాయి. 1971లోనే ఒక అమెరికన్ వైద్య పత్రిక, యోగాసనంలో చాలాసేపు ఉండటం వల్ల పాదం ఇలా వేలాడిపోయిన సంగతిని ప్రచురించింది. ఇలాంటివి చాలావరకు వారాల్లోనో నెలల్లోనో నయమవుతాయి. అయితే ఆ భంగిమను అదే రోజు మానాలి. "ఓర్చుకుంటే పోతుంది" అనే సలహా ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఓర్చుకునే ప్రతి నిమిషమూ నరం మీద ఒత్తిడే.

కూర్చోనప్పుడు కూడా రెండు పాదాల్లో మంటో తిమ్మిరో ఉంటే అది ధ్యానం వల్ల వచ్చింది కాదు. మన ప్రాంతంలో రెండు కారణాలను ముందుగా అనుమానించాలి. ఒకటి మధుమేహం. రెండోది బి12 విటమిన్ లోపం. ధ్యానం మొదలుపెట్టి మాంసం, గుడ్లు మానేసినవారు ఎందరో ఉన్నారు. పాలు, పెరుగు కూడా తగ్గించినవారిలో కొన్నేళ్ళకు ఈ లోపం బయటపడవచ్చు. రక్తపరీక్షతో తెలిసిపోయేదాన్ని పాదాల్లోంచి శక్తి ప్రవహిస్తోందని వదిలేస్తే నరాలు శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

మోకాళ్ళ సంగతి తుంటి దగ్గర మొదలవుతుంది. తుంటి కీలు బయటికి తిరగనివారు పద్మాసనం వేస్తే, ఆ మెలి అంతా మోకాలు భరించాల్సి వస్తుంది. నేల మీద కూర్చున్నప్పుడు మోకాళ్ళు గాలిలో ఉండి తుంటికన్నా ఎత్తుగా కనిపిస్తే నడుము వెనక్కి వంగుతుంది, పది నిమిషాల్లో వీపు కండరాలు పట్టేస్తాయి. దీనికి విరుగుడు తేలిక. దుప్పటిని నాలుగైదు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకుని, మోకాళ్ళు తుంటికన్నా కిందికి దిగేలా చూసుకోవాలి. అప్పటికీ మోకాళ్ళు గాలిలోనే ఉంటే వాటి కింద చెరో దిండు పెట్టాలి. అరుగుదల ఉన్నవారు, మోకీలు మార్పిడి చేయించుకున్నవారు సందేహం లేకుండా కుర్చీలో కూర్చోవాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, అంతే. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలని యోగసూత్రాలు రాసిన పతంజలి చెప్పాడు, నేల మీదే ఉండాలనలేదు.

ఎంత వయసో అన్ని నిమిషాలు కూర్చోవాలనే లెక్క మన కేంద్రాల్లో బాగా వినిపిస్తుంది. గుర్తుంచుకోవడానికి సులువైన మాటే. కానీ ఇరవై ఏళ్ళ కుర్రవాడి మోకాళ్ళకు ఇరవై నిమిషాలు, డెబ్బై ఏళ్ళ పెద్దాయన మోకాళ్ళకు డెబ్బై నిమిషాలు అవుతుంది. పెద్దవారు దాన్ని రెండు మూడు విడతలుగా పంచుకోవాలి, మధ్యలో లేచి నడవాలి. కుర్చీలో కూర్చోవచ్చని ఆ కేంద్రాల్లోనే చెబుతారు కూడా. నేల మీద కూర్చుంటేనే సాధన అనే పట్టుదల ఎక్కువగా మనలోనే ఉంటుంది.

ఊపిరి గట్టిగా తీస్తే

చేతులు కొంకర్లు పోవడం, పెదాలు తిమ్మిరెక్కడం, తల తేలిపోతున్నట్టు ఉండటం. ఈ మూడూ కలిసి వస్తే మొదట ఊపిరినే అనుమానించాలి. కపాలభాతి, భస్త్రిక లాంటి ప్రాణాయామాలు వేగంగా చేసినప్పుడు శరీరానికి అవసరమైనదానికన్నా ఎక్కువ బొగ్గుపులుసు వాయువు బయటికి పోతుంది. దాంతో రక్తంలో ఆమ్లత తగ్గి క్షారత పెరుగుతుంది. అప్పుడు రక్తంలో విడిగా తిరిగే కాల్షియం తగ్గి నరాలు ఊరికే రెచ్చిపోతాయి. అందుకే చీమలు పాకినట్టు ఉండటం, వేళ్ళు బిగుసుకోవడం. అదే సమయంలో మెదడులోని రక్తనాళాలు కుంచించుకుంటాయి కాబట్టి కళ్ళు తిరుగుతాయి. ఈ అనుభవం ఎంత వింతగా ఉన్నా, ఊపిరి నెమ్మదించగానే నిమిషాల్లో సర్దుకుంటుంది.

కేవలం శ్వాసను గమనించే ధ్యానంలో కూడా ఇది జరగవచ్చు. గమనిస్తున్నామనుకుంటూ మనకు తెలియకుండానే లోతుగా, గట్టిగా పీల్చడం మొదలుపెడతాం. అలా అనిపించినప్పుడు శ్వాసను వదిలేసి బయటి శబ్దాలు వినాలి, లేదా అరచేతుల స్పర్శ మీద ధ్యాస పెట్టాలి. ముఖానికి కవరు పెట్టుకుని ఊపిరి తీయమని కొందరు చెబుతారు. వైద్యులు ఇప్పుడు ఆ పద్ధతిని ప్రోత్సహించడం లేదు, ఎందుకంటే ఆయాసానికి అసలు కారణం ఉబ్బసమో గుండె జబ్బో అయితే దానివల్ల కీడే జరుగుతుంది.

ఊపిరితో బలవంతం ఎంత దూరం పోగలదో చూపే ఉదాహరణ ఒకటుంది. 2004లో 'చెస్ట్' అనే వైద్య పత్రికలో, కపాలభాతిని తీవ్రంగా చేసిన 29 ఏళ్ళ మహిళకు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన సంగతి వచ్చింది. ఇది అరుదు, దీన్ని చూసి ప్రాణాయామాన్నే తప్పుపట్టనక్కరలేదు. అయితే సుమారు 15వ శతాబ్దంలో స్వాత్మారాముడు హఠయోగ ప్రదీపికలో ఇదే హెచ్చరిక చేశాడు. సింహాన్ని, ఏనుగును, పులిని మెల్లమెల్లగా లొంగదీసినట్టే వాయువును వశం చేసుకోవాలనీ, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందనీ రెండో అధ్యాయంలో అంటాడు. ఆ వెంటనే, తప్పుగా చేసిన ప్రాణాయామం వల్ల వచ్చేవాటిని వరసగా చెబుతాడు. ఎక్కిళ్ళు, ఆయాసం, దగ్గు, తలనొప్పి, చెవినొప్పి, కంటినొప్పి. శుద్ధి జరుగుతోంది కాబట్టి భరించమని ఆయన అనలేదు. సరిగా చేయడం లేదు కాబట్టి రోగం వచ్చిందన్నాడు.

తలలో బిగువు, ఒంట్లో వణుకు

కనుబొమల మధ్య ధ్యాస నిలపమంటే చాలామంది కళ్ళు మూసుకునే ఉండి కనుగుడ్లను పైకి, లోపలికి తిప్పుతారు. నుదురు ముడుస్తారు, దవడ బిగిస్తారు. ఆ కండరాలు అరగంట పాటు అలాగే పట్టి ఉంటే కణతలు నొప్పి పుట్టడం సహజం. కొందరిలో ఆ బిగువు ధ్యానం తరువాత కూడా రోజంతా వెంటాడుతుంది. నొక్కి చూసేకొద్దీ పెరుగుతుంది, పోయిందా అని వెతికితే మళ్ళీ దొరుకుతుంది. ఎక్కడ ధ్యాస పెడితే అక్కడి స్పర్శ పెద్దదవుతుంది. నిశ్శబ్దంగా కూర్చున్నప్పుడు గుండె చప్పుడు చెవుల్లో వినిపించడం కూడా అలాంటిదే. గుండె వేగం పెరిగిందో లేదో తెలియాలంటే మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టాలి. లెక్క మామూలుగానే ఉంటే, పెరిగింది మన గమనింపు మాత్రమే.

జెన్ అనే బౌద్ధ ధ్యాన సంప్రదాయానికి చెందిన 18వ శతాబ్దపు జపాన్ గురువు హకుయిన్ తన యవ్వనంలో పడిన బాధను రాసిపెట్టాడు. తల కాగిపోయేది, కాళ్ళు మంచులో పెట్టినట్టు చల్లబడేవి, చెవుల్లో హోరు ఆగేది కాదు. ఆయన దీన్ని ధ్యానం వల్ల వచ్చిన రోగమనే అన్నాడు. ఒక కొండ గుహలోని సాధువు నేర్పిన ఉపాయంతో కోలుకున్నానని చెప్పాడు. తల మీద వెన్నముద్ద ఉన్నట్టు, అది మెల్లగా కరిగి మెడ, భుజాలు, గుండె, పొట్ట మీదుగా అరికాళ్ళ దాకా జారుతున్నట్టు భావించాలి. తలలో పేరుకున్న ధ్యాసను కిందికి దించడమే ఇందులోని కిటుకు. కనుబొమల దగ్గర బిగువుతో బాధపడేవారు కొన్ని వారాల పాటు ధ్యాసను బొడ్డు కిందికో అరికాళ్ళకో మార్చి చూడాలి. కళ్ళు సగం తెరిచి కూర్చోవడం కూడా ఉపయోగపడుతుంది.

వణుకు దగ్గరే అపోహలు ఎక్కువ. ఒక్కసారి ఉలిక్కిపడినట్టు ఒళ్ళు ఎగిరిపడితే అది చాలాసార్లు నిద్రలోకి జారేటప్పుడు అందరికీ వచ్చే కుదుపే. తెల్లవారుజామున నాలుగింటికి లేచి కూర్చున్నవారు కునుకు అంచున ఉంటారు కదా. మెడ తనంతట తాను తిరగడం, భుజాలు అదరడం లాంటివి ఏళ్ళ తరబడి బిగపట్టిన కండరాలు వదులవుతున్నప్పుడు కూడా రావచ్చు. ఎప్పుడూ ఆందోళనతో ఉండేవారిలో, ఒళ్ళు సడలడం మొదలవగానే ఆందోళన పెరిగి వణుకు, దడ రావచ్చని మనస్తత్వ పరిశోధకులు 1980లలోనే గుర్తించారు.

సంప్రదాయం ఏమంటుందో చూడండి. యోగసూత్రాల మొదటి పాదంలో పతంజలి ధ్యానానికి తొమ్మిది అంతరాయాలు చెప్పాడు. వ్యాధి వాటిలో మొదటిది. తరువాతి సూత్రంలో ఆ అంతరాయాలతోపాటు వచ్చేవాటిని చెబుతూ దుఃఖం, మనసు కుంగడం, అవయవాల వణుకు, ఉచ్ఛ్వాస నిశ్వాసలు గతి తప్పడం అన్నాడు. వణుకును ఆయన సిద్ధుల (యోగశక్తుల) పక్కన పెట్టలేదు, చెదిరిన మనసు పక్కన పెట్టాడు. అయిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు విశుద్ధిమార్గం అనే గ్రంథంలో మరో కోణం చూపించాడు. ధ్యానంలో పుట్టే ప్రీతిని, అంటే ఆనందపు పులకింతను, అయిదు రకాలుగా విడదీశాడు. రోమాలు నిక్కబొడుచుకోవడం, మెరుపులా క్షణక్షణమూ కలగడం, అలలు అలలుగా ఒంటి మీద విరగడం, ఒళ్ళు పైకి తేలిపోవడం, ఒళ్ళంతా నిండిపోవడం. అమరావతి, భట్టిప్రోలు స్తూపాలున్న ఈ నేల మీద ఆ వర్ణన చదువుతుంటే నాకు ప్రత్యేకమైన ఆత్మీయత కలుగుతుంది. ఈ ప్రీతి దారిలో తగిలేది, గమ్యం కాదు. బౌద్ధ మార్గంలో ధ్యానం లోతుకు వెళ్ళినప్పుడు ప్రీతి కూడా నెమ్మదించి వెనక్కి తగ్గుతుంది.

ఒళ్ళు వణికితే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. కళ్ళు తెరిచి, చేతులు చాపి, పక్కవారితో రెండు మాటలు మాట్లాడాలి. వణుకు ఆగిపోతే కంగారు లేదు. స్పృహ తప్పడం, నాలుక కొరుక్కోవడం, తరువాత జరిగింది గుర్తులేకపోవడం ఉంటే అది మూర్ఛ కావచ్చు, నరాల వైద్యుణ్ణి కలవాలి.

మాత్ర వేసుకుని కూర్చున్నవారికి

ఈ వ్యాసంలో ఒక్క భాగమే చదవగలిగితే ఇది చదవండి. ధ్యాన కేంద్రాల్లో ఉదయం కనిపించేవారిలో అరవై దాటినవారు చాలామంది ఉంటారు. వారిలో షుగరు, బీపీ మాత్రలు వాడేవారు ఎందరో. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రో ఇన్సులినో తీసుకుని, టిఫిను తినకుండా గంటసేపు కూర్చుంటే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అప్పుడు వచ్చే లక్షణాలు చెమటలు, వణుకు, గుండె దడ, తల తేలికగా అనిపించడం, మాట తడబడటం. ధ్యానంలో శక్తి వచ్చిందని చెప్పే అనుభవానికీ దీనికీ పైకి తేడా కనిపించదు. తేడా గ్లూకోమీటరు మీద తెలుస్తుంది. 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పావుగంట తరువాత మళ్ళీ చూసుకోవాలి. చూసే వీలు లేకపోతే ముందు పంచదార తీసుకోవాలి, సందేహాలు తరువాత. ఉపవాసంతో శిబిరానికి వెళ్ళాలనుకుంటే మాత్రల మోతాదు గురించి వైద్యునితో ముందే మాట్లాడాలి. సొంతంగా మానేయకూడదు.

బీపీ మాత్రలు, ప్రోస్టేటుకు వాడే కొన్ని మాత్రలు లేచి నిలబడినప్పుడు రక్తపోటును తగ్గిస్తాయి. చాలాసేపు కదలకుండా కూర్చుంటే రక్తం కాళ్ళలో నిలుస్తుంది. దీనికి మే నెలలో విజయవాడ ఎండ, చెమట, తక్కువ నీళ్ళు తోడైతే, గంట కొట్టగానే దిగ్గున లేచిన మనిషి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పెద్దవారిలో అలా పడటమంటే తుంటి ఎముక విరగడమూ కావచ్చు. లేచేముందు నిమిషం పాటు మడమలు, పిక్కలు కదిలించి, గోడో కుర్చీయో పట్టుకుని లేవాలి.

ఛాతీలో బరువు, అది ఎడమ చేతికో దవడకో పాకడం, చల్లని చెమట, ఆయాసం కనిపిస్తే హృదయ చక్రం గురించి ఆలోచించే సమయం కాదు. 108కి ఫోన్ చేయాలి. మధుమేహం ఉన్నవారిలో గుండెపోటు నొప్పి లేకుండా కూడా రావచ్చు. ఒక్క కాలు పిక్క వాచి, వేడెక్కి, నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టిందేమో చూపించుకోవాలి.

ఎంతమందికి, ఎప్పుడు ఆపాలి

ఈ ఇబ్బందులు ఎంత సాధారణమన్నది పరిశోధకులు ఆలస్యంగానే అడగడం మొదలుపెట్టారు. 2020లో వచ్చిన ఒక సమీక్ష 83 అధ్యయనాలను పరిశీలించి, ధ్యానం చేసినవారిలో సుమారు 8.3 శాతం మందిలో ఏదో ఒక ప్రతికూల ప్రభావం కనిపించిందని తేల్చింది. అందులో ఎక్కువగా కనిపించినవి ఆందోళన, కుంగుబాటు. అయితే ప్రయోగాత్మక అధ్యయనాల్లో ఈ సంఖ్య 3.7 శాతం, సాధకులను గమనించి నమోదు చేసిన అధ్యయనాల్లో 33.2 శాతం. ఇంత దూరం ఉందంటే లెక్క ఎలా తీశారన్నదాన్ని బట్టి జవాబు మారిపోతోందని అర్థం. ఏ ఒక్క శాతాన్నీ పట్టుకుని భయపెట్టడానికీ, ధైర్యం చెప్పడానికీ వీలులేదు. 2017లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పాశ్చాత్య బౌద్ధ సాధకులను, గురువులను విపులంగా ఇంటర్వ్యూ చేసి 59 రకాల అనుభవాలను నమోదు చేశారు. నొప్పి, ఒత్తిడి, వేడి, అసంకల్పిత కదలికలు, నిద్ర, ఆకలి మారిపోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఒకే అనుభవాన్ని ఒకరు ఆనందంగా, మరొకరు నరకంగా చెప్పడం కూడా వారు గమనించారు.

నిద్ర గురించి వేరుగా చెప్పాలి. తీవ్ర సాధనలో నిద్ర కాస్త తగ్గవచ్చు. కానీ రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, తనకేదో ప్రత్యేక కార్యం అప్పగించారనిపించడం మొదలైతే సాధనను ఆ రోజే ఆపాలి, మానసిక వైద్యుణ్ణి కలవాలి. దాన్ని ఆత్మజ్ఞానమని ఇంట్లోవారు మురిసిపోతే చికిత్స ఆలస్యమవుతుంది. బైపోలార్ జబ్బు (అతి ఉత్సాహం, కుంగుబాటు మారిమారి రావడం), సైకోసిస్ (భ్రమలు కలిగి వాస్తవానికి దూరమవడం) గతంలో వచ్చినవారు దీర్ఘ శిబిరాలకు వైద్యుని సలహా లేకుండా వెళ్ళకూడదు. చిన్ననాటి హింసనో ప్రమాదాన్నో మోస్తున్నవారికి ఒంటిని అంగుళం అంగుళం గమనించే పద్ధతి పాత భయాన్ని తిరిగి లేపవచ్చు. వారు నడుస్తూ ధ్యానం చేయడం మేలు. రాత్రీ పగలూ ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య 14416 ఉంది, తెలుగులో మాట్లాడవచ్చు.

మిగతా ఇబ్బందులకు నేను చెప్పేది ఇది. వారం పాటు సమయాన్ని సగానికి తగ్గించాలి. తగ్గకపోతే పూర్తిగా ఆపి పున్నమి ఘాట్ ఒడ్డునో, గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని స్టేడియం ట్రాకు మీదో ఉదయం నడవాలి. కడుపు నిండా వేళకు తినాలి, నిద్ర పోవాలి. అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, మేలుకునేవాడికీ యోగం లేదని భగవద్గీత ఆరో అధ్యాయం చెప్పింది. ధ్యానం ఆపగానే ఇబ్బంది పోయి, మొదలుపెట్టగానే తిరిగి వస్తే కారణం పద్ధతిలో ఉంది. అప్పుడు ఒకేసారి ఒక్కటే మార్చి చూడాలి, ముందు ఆసనం, తరువాత ఊపిరి, ఆ తరువాత ధ్యాస నిలిపే చోటు. ఆపిన తరువాత కూడా ఇబ్బంది వారాల పాటు ఉంటే అది వైద్యుడు చూడాల్సిన సంగతి.

రోజుకు పది గంటలు కూర్చోవాల్సిన శిబిరానికి వెళ్ళేవారు దరఖాస్తులో అడిగిన జబ్బుల వివరాలు, మందుల పేర్లు దాచకుండా రాయాలి. చేర్చుకోరేమోనన్న భయంతో షుగరు సంగతి, పాత నిద్రమాత్రల సంగతి రాయనివారు ఉంటారు. అక్కడ నాలుగో రోజున చెమటలు పట్టి వణికినప్పుడు, ఆ కాగితంలో ఉన్నదాన్ని బట్టే మీకు ముందు పంచదార నీళ్ళు ఇవ్వాలో, విశ్రాంతి చెప్పాలో పక్కనున్నవారికి తెలుస్తుంది. నేల మీద కూర్చోలేమని ముందే చెబితే కుర్చీ ఇస్తారు.